తుప్పు కరిచిన కమాను

జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైవే దిగి నల్లరేగడి చేల నడుమ పోతే వచ్చే ఒక ఊళ్ళో ఒక జీపు ఉండేది. ఊరి పేరు, ఆసామి పేరు అడక్కండి. నీతికథలో మనుషులకి ఇంటిపేర్లుంటే చదివేవాళ్ళు నీతి వదిలేసి చుట్టరికాలు వెతుక్కుంటారు. కృష్ణా మెట్టలో మరీను.

జీపుకి మాత్రం వంశవృక్షం ఉంది. ఎత్తు బానెట్టు మహీంద్రా అది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన లెక్కల్లో 'పావు టన్ను లారీ' అని రాసుకున్న విల్లీస్ జీపు దాని ముత్తాత. 1945లో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో బొంబాయిలో ఆ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మన దగ్గర పోలీసు, ఇరిగేషను, ఎలక్షన్లు, పెళ్ళి ఊరేగింపులు అన్నీ దాని మీదే నడిచాయి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 80 అంగుళాలు, అంటే రెండు మీటర్లు. నాలుగు చక్రాల మీదా కమాన్ కట్టలే. పొడుగు పట్టీ పైన, దాని కింద అంతకంటే పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది, ఇలా పేర్చి నడుమ సెంటర్ బోల్టు వేసి, యూ బోల్టులతో ఇరుసుకి బిగించిన ఉక్కు కట్ట. తయారుచేసినవాళ్ళు మనిషి నడుము గురించి ఆలోచించి చేసిన బండి కాదు. బురదలో దిగబడకుండా, బరువుకి విరక్కుండా ఉంటే చాలన్నది వాళ్ళ లెక్క.

పెద్దాయన దాన్ని సర్కారు వేలంలో కొన్నాడు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను పెట్టించాడు. పత్తి తోలాడు, మిర్చి తోలాడు, పెళ్ళిళ్ళకి పద్నాలుగు మందిని ఎక్కించాడు. ఒక్క మనిషిని మాత్రం పెద్దగా ఎక్కించుకోలేదు: ఇంటావిడని.

ఆయన పోయాక జీపు కొడుకు చేతికొచ్చింది. అప్పటికి తల్లికి అరవై దాటాయి, నడుము పట్టేసింది. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకి పోదామని కొడుకు ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఊరి పొలిమేర దాటకముందే ఆమె డ్యాష్‌బోర్డు మీద రెండు చేతులూ ఆనించి, "ఆపరా నాయనా, మిగతాది నడిచొస్తా" అంది.

"నలభై ఏళ్ళ బండి అమ్మా, అంతే ఉంటది."

"తిరుపతమ్మ తల్లే రెండేళ్ళకోసారి రంగులకని పేట పోయొస్తది. నీ జీపుకి నలభై ఏళ్ళకోసారి మరమ్మతు చేయిస్తే తప్పేంది?"

ఆ మాటకి ఎదురు చెప్పడానికి లేదు. పెనుగంచిప్రోలు అమ్మవారి విగ్రహాల్ని రంగులకోసం జగ్గయ్యపేట తీసుకెళ్ళడం ఆ ప్రాంతానికి పెద్ద ఉత్సవం.

కొడుకు మొదట నందిగామలో ఒక మెకానిక్ దగ్గరికి పోయాడు. మెకానిక్ జీపు మూల మీద చేయి వేసి ఒక నొక్కు నొక్కాడు. కదల్లేదు. "కట్టలో పట్టీలు ఎక్కువైనయ్. అడుగున మూడేసి తీసేస్తే దూది" అన్నాడు. సాయంత్రానికి పన్నెండు పట్టీలు షాపు మూలన పడ్డాయి. జీపు నిజంగానే దూది అయింది. కొడుకు ఖాళీ బండిని హైవే మీద ఐతవరం దాకా తోలి, వెనక్కొచ్చి మెకానిక్‌కి అడిగినదానికంటే వంద ఎక్కువిచ్చాడు.

ఆ వంద రూపాయల సంతోషం మిర్చి కల్లాల దాకా నిలిచింది. పది టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేశారు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైమాటే, అంటే నాలుగు క్వింటాళ్ళకి పైన. పైన ఇద్దరు కూలీలు. లోడు వేస్తుండగానే కమాన్లు నిటారయ్యాయి, ఆపైన కిందికి వంగిన విల్లు పైకి వంగింది. డొంకలో ప్రతి గుంతకీ ఇరుసు వెళ్ళి ఛాసిస్‌ని కొట్టింది. మునేరు ఏటి ఒడ్డు దిగేచోట సెంటర్ బోల్టు తెగింది, మెయిన్ పట్టీ విరిగింది, వెనక ఇరుసు ఒకపక్కకి జరిగింది. జీపు పీతలాగా అడ్డంగా నడిచి ఆగిపోయింది. ఆ రాత్రి కూలీలు టిక్కీలకి కాపలా పడుకున్నారు. గుంటూరు మిర్చి యార్డుకి పోవాల్సిన లారీ ఆ టిక్కీలు లేకుండానే వెళ్ళిపోయింది.

మెత్తదనం మీద కోపం వచ్చిన మనిషి ఏం చేస్తాడు? బిగువు వైపు పరిగెత్తుతాడు. రోడ్డు పక్కన వెల్డింగు చేసేవాడు ఒకడు, లారీ కమాను లోంచి ఒక మందపాటి పట్టీ కోసి, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, వంపు తిప్పి కట్టలో పెట్టాడు. "ఇక ఏనుగెక్కినా వంగదు" అన్నాడు. వంగలేదు. ఏనుగెక్కలేదు గానీ తల్లి ఎక్కింది, రెండో గుంతకే దిగిపోయింది. నెల తిరక్కుండా ఆ కాల్చిన పట్టీ ఎర్రగడ్డ తొక్కలా సాగిలపడింది. ఉక్కుని అలా కాల్చి వదిలేస్తే పదును పోతుందన్న సంగతి కొలిమి పెట్టుకున్న ఏ ఊరి కమ్మరికైనా తెలుసు. వెల్డింగు కుర్రాడి దగ్గర మంట ఉంది, కొలిమి విద్య లేదు.

మూడోసారి కొడుకు విజయవాడ ఆటోనగర్ వెళ్ళాడు. బండికి సంబంధించి అక్కడ దొరకని వస్తువు, దొరకని మనిషి లేరు. ఒక కుర్రాడు కొత్త మహీంద్రా థార్ జీపు కింద పడుకుని పని చేస్తున్నాడు. 2020లో వచ్చిన థార్‌కి వెనక కూడా కాయిల్ స్ప్రింగులే. అంతకు ముందు, 2010లో వచ్చిన మొదటి థార్‌కి వెనక ఇంకా కమాన్ కట్టలే ఉండేవి. ఇంగ్లండులో రేంజ్ రోవర్ 1970లోనే పొడుగ్గా ఆడే కాయిల్ స్ప్రింగులతో వచ్చి, దున్నిన చేలోనూ మెత్తగా పోయే బండి ఉంటుందని చూపించింది. మన జీపుల దాకా ఆ సంగతి రావడానికి యాభై ఏళ్ళు పట్టింది.

"నా జీపుకీ కాయిల్ వెయ్యి" అన్నాడు కొడుకు.

ఆ కుర్రాడు మంచివాడు. పని వచ్చినవాడు కూడా. ఈ రెండూ ఒక మనిషిలో కలవడం అరుదు. "అన్నా, కమాన్ కట్ట బరువు ఒక్కటే మొయ్యదు. ఇరుసుని దాని చోట పట్టి ఉంచేదీ అదే, బ్రేకు కొడితే ఆ తోపుని ఆపేదీ అదే. కాయిల్‌కి నిలబడ్డమే తెలుసు, పట్టుకోవడం రాదు. పట్టుకోడానికి రాడ్లు వెయ్యాలి, వాటికి ఛాసిస్ మీద బ్రాకెట్లు వెల్డు చెయ్యాలి. రేపు ఫిట్‌నెస్‌కి పోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటారు, కంపెనీ ఇచ్చిన తీరు మార్చావేంది అంటారు. డబ్బులు నేను తీసుకుంటా, తిప్పలు నువ్వు పడతావు. పేటలో ఒక తాత ఉన్నాడు, ముందు ఆయనకి చూపించు."

అలా జీపు మళ్ళీ జగ్గయ్యపేట చేరింది. విజయవాడ దాకా పోయి, ఇంటికి దగ్గర్లో ఉన్న మనిషి చిరునామా తెచ్చుకోవడం కూడా మన మెట్టలో కొత్త కాదు.

తాత తండ్రి జట్కాలకి కమాన్లు చేసినవాడు. జట్కా ఎక్కిన తరం ఇంకా మన మధ్య ఉంది కాబట్టి వాళ్ళకి గుర్తుంటుంది: బండివాడు మనిషి మనిషినీ చూసి, "మీరు ముందుకి జరగండి, మీరు వెనక్కి" అని సర్ది, అప్పుడు కళ్ళెం అందుకునేవాడు. గుర్రం మీద బరువు పడకూడదు, అలాగని బండి వెనక్కి వాలకూడదు. తాతకి ఆ విద్య వారసత్వంగా వచ్చింది. గుర్రాలు పోయాయి, విద్య లారీలకి మారింది.

తాత జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. కమాన్ల వైపు చూడలేదు. టైరుని మునివేళ్ళతో కొట్టి, "గాలెంత?" అన్నాడు.

"నలభై ఐదు."

"లారీవాడు పెట్టినట్టు పెట్టావేందయ్యా. ముప్పై లోపు ఉండాల్సినదానికి." కుర్రాడిచేత గాలి తీయించాడు. తరవాత షాకిల్ దగ్గర కూర్చుని సుత్తితో తట్టాడు. కమాను బరువుకి నిటారైనప్పుడు పొడుగు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడుగుకి షాకిల్ ఊగి చోటివ్వాలి. ఈ జీపు షాకిళ్ళు ఊగడం మానేసి ఎన్నేళ్ళయిందో! బుష్షులు ఎండి, పిన్నులు బిగిసి రాయయ్యాయి.

"రోజూ ఏం వేస్తావు ఇందులో?"

"రోజూ నేను, ఒక పాలేరు, రెండు మందు డబ్బాలు."

"ఎక్కువలో ఎక్కువ?"

"మిర్చి కల్లాలప్పుడు పది టిక్కీలు."

"ఏడాదిలో ఎన్ని రోజులు?"

కొడుకు లెక్కేసుకున్నాడు. "ఇరవై."

"మరి మీ అమ్మ?"

దానికి లెక్క లేదు. తాత కట్ట విప్పించాడు. మెకానిక్ తీసేసిన పన్నెండు పట్టీల్నీ కొడుకు ఎందుకో పారేయలేదు, వెంట తెచ్చాడు. తాత అన్నింటినీ నేల మీద వరస పేర్చి, జాతకం చదివినట్టు చదివాడు.

"ఇది కంపెనీతో వచ్చిన పట్టీ. ఇది తరవాత వేసింది. డీజిలింజను బరువుకి మూతి వంగితే మీ నాన్న ముందు కట్టలో వేయించుంటాడు. ఈ రెండూ వెనకవి, ఇవీ కంపెనీవి కాదు. పెళ్ళిళ్ళకి తోలేవాడా?"

"తోలేవాడు."

"అదీ సంగతి. ఇదేందీ, లారీది?" వెల్డింగువాడి పట్టీని పక్కకి తన్నాడు. "పన్నెండింట్లో కొన్ని ఉండాల్సినవే. వాటిని తీసెయ్యమని నీకెవరు చెప్పారు?"

తరవాత ఒక పట్టీ తిప్పి చూపించాడు. వీపంతా తుప్పు. దాని కింది పట్టీ కడుపంతా తుప్పు. రెంటినీ విడదీయడానికి ఉలి కావలసి వచ్చింది. "మెత్తన పోయింది ఇందుకు. పట్టీలు ఎక్కువై కాదు. బండి గుంతలో దిగితే ఒక పట్టీ మీద ఇంకోటి ఇంతే, ఇంత జారాలి" అని గోరు మీద చూపించాడు. "ఇవి జారడం మానేసినయ్. ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్నయ్. పది పట్టీలు కాదయ్యా ఇవి, ఒక దిమ్మ."

తాత చెప్పినదాన్ని ఇంజనీరింగు పుస్తకం ఇలా చెబుతుంది. పట్టీ మందం రెట్టింపైతే దాని బిగువు ఎనిమిదింతలవుతుంది. కాబట్టి ఒక మందపాటి పట్టీ బదులు దానిలో సగం మందమున్న రెండు పట్టీలు వేస్తే, అవి స్వేచ్ఛగా జారగలిగితే, బిగువు నాలుగోవంతుకి దిగుతుంది. మోసే సత్తువ మాత్రం సగం మిగులుతుంది. కమాన్ని పట్టీలుగా ఎందుకు కోశారో చెప్పే రహస్యమంతా ఇదే. తుప్పు ఆ కోతని మళ్ళీ అతికిస్తుంది.

తాత నాలుగు రోజులు తీసుకున్నాడు. తుప్పు రుద్దించాడు. వంపు పోయిన పట్టీల్ని కాల్చకుండా, దిమ్మె మీద పెట్టి చల్లగానే సుత్తి దెబ్బలతో కొంచెం కొంచెం వంపెక్కించాడు. మందపాటివి కొన్ని తీసి పల్చనివి ఎక్కువ వేశాడు. పట్టీకీ పట్టీకీ మధ్య గ్రాఫైటు గ్రీజు పూశాడు. షాకిల్ పిన్నులు, బుష్షులు కొత్తవి. చచ్చిపోయిన షాకప్సర్లు నాలుగూ మార్పించాడు. మెత్తని కమాన్ని షాకప్సరు పట్టుకోకపోతే బండి పడవలా ఊగుతూనే ఉంటుంది, నడుము నొప్పి పోయి వాంతులు మొదలవుతాయి.

ముందు కమాన్లు వెనకవాటికంటే ఒక పిసరు మెత్తగా పెట్టాడు. ఎందుకని అడిగితే "ముందు కాలు పడ్డ గుంతలోనే వెనక కాలూ పడుద్ది కదా, వెనకది తొందరగా తేరుకోవాల" అన్నాడు. రోల్స్‌రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కి వెళ్ళిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు 1930ల్లో కార్లమీద బరువులు మార్చి మార్చి తేల్చిన సూత్రం సరిగ్గా ఇదే. రెండు మీటర్ల పొట్టి జీపుకి అది మరీ అవసరం. లేకపోతే బండి ముక్కు మీదా తోక మీదా వంతులవారీగా గంతులేస్తుంది.

ఆఖరి రోజు తాత తల్లిని పిలిపించాడు. ఆమెను ముందు సీట్లో, కొడుకుని స్టీరింగు దగ్గర, వెనక ఇద్దరు పనివాళ్ళని కూర్చోబెట్టి, ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య దారంతో కొలిచాడు. దించి మళ్ళీ కొలిచాడు. బరువుకి కమాను ఎంత దిగితే ఊపు అంత నిదానం. ఐదు సెంటీమీటర్లు దిగే కమాను నిమిషానికి 130 సార్ల పైన ఊగుతుంది. పది దిగేది 95 సార్లే. మనిషి తాపీగా నడిచేటప్పుడు నిమిషానికి వేసే అడుగులు కూడా ఇంచుమించు అన్నే. పుట్టినప్పటి నుంచీ ఒంటికి అలవాటైన ఊపది. తాత దగ్గర ఈ అంకెలు లేవు, దారానికి ముడి ఉంది. ముడి దగ్గరికి రాగానే "చాలు" అన్నాడు.

"మరి పది టిక్కీలు?" అన్నాడు కొడుకు.

"ఆరు వేసుకో. రెండోసారి తిరుగు. ఏడాదికి ఇరవై రోజులు రెండుసార్లు తిరగలేక మిగతా మూడొందల నలభై ఐదు రోజులు నడుం విరగ్గొట్టుకుంటావా?"

మరుసటి శుక్రవారం జీపు పెనుగంచిప్రోలు బయల్దేరింది. దారి అదే, గుంతలు అవే. మునేరు దగ్గర కొడుకు పక్కకి తిరిగి చూశాడు. తల్లి కునుకు తీస్తోంది.

నీతి

ఈ కథ విన్నవాళ్ళు తలొక నీతి తీశారు. ఒకాయన "మంచి మేస్త్రి ఇంటి దగ్గరే ఉంటాడు" అన్నాడు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇంకొకాయన "అతి సర్వత్ర వర్జయేత్" అన్నాడు. అది ఏ కథకైనా అతుకుతుంది, కాబట్టి ఈ కథకి అక్కర్లేదు. "మోసే బరువు తెలుసుకుని కమాను ఎంచుకో" అన్నది కొంత నయం. అరుదుగా వచ్చే ఇరవై రోజుల బరువుకి భయపడి బతుకంతా బిగించుకున్న మనుషుల్ని మనం రోజూ చూస్తున్నాం. పెద్దాయనా వాళ్ళలో ఒకడే. ఎప్పుడో ఎక్కే పెళ్ళివారి కోసం వేసిన పట్టీలు రోజూ ఎక్కాల్సిన భార్యని ఎక్కనివ్వలేదు.

నాకు పట్టిన నీతి మాత్రం ఉలితో విడదీసిన ఆ రెండు పట్టీల దగ్గరుంది. మెత్తదనం కావాలనుకోగానే మనకి తోచేది తీసేయడం. ఇంట్లో మాట గట్టిగా వస్తే వేరుపడదాం అంటాం. సంఘంలో పేచీ వస్తే ఫలానావాళ్ళని తీసేద్దాం అంటాం. తీసేసిన రోజు నిజంగానే హాయిగా ఉంటుంది, ఐతవరం దాకా ఖాళీ జీపు తోలినంత హాయి. బరువు పడ్డ రోజున తెలుస్తుంది, ఆ పట్టీ ఎందుకుందో. మనుషులు ఎక్కువై ఇల్లు బిగుసుకోదు. ఒకరి పక్కనుంచి ఒకరు గోరంత జరగడం మానేస్తే బిగుసుకుంటుంది.

దీన్ని మరీ సాగదీయకూడదని కూడా తెలుసు. పాత ల్యాండ్ రోవర్లు నడిపేవాళ్ళు చాలామంది ఇప్పుడు కట్టలు తీసేసి పారాబోలిక్ కమాన్లు వేసుకుంటున్నారు. పదింటికి బదులు రెండో మూడో పట్టీలు, అయినా బండి మెత్తగా పోతుంది, బరువూ మోస్తుంది. మన రోడ్ల మీద కొత్త లారీలకీ అవి వస్తున్నాయి. మరి తక్కువ పట్టీలతో అదెలా కుదిరింది? ఆ పట్టీ నడుమ మందంగా, చివరలకి పోయేకొద్దీ పల్చగా సాగేట్టు చేస్తారు. ఒకదానికొకటి నడుమన, చివరన తప్ప ఎక్కడా తగలవు. తక్కువమందితో బతకాలని మొదటినుంచీ తీర్చిన పట్టీలవి. పదిమందిలో ఒకటిగా పుట్టిన పట్టీని ముగ్గురిలో పెట్టి ఆ పని చేయమంటే మునేరు ఒడ్డున ఏమైందో చూశాం. చిన్న సంసారం తప్పని నేననను. పెద్ద సంసారంలోంచి ముగ్గుర్ని లాగేసి దాన్ని చిన్న సంసారం అనుకోవడమే తప్పు.

మా మెట్టలో దీనికి జీపు కంటే పెద్ద ఉదాహరణ ఉంది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు నల్గొండ, ఖమ్మం దాటి నందిగామ, జగ్గయ్యపేట వైపు వచ్చేసరికి ఆయకట్టు చివరికొస్తాయి. చివరి భూములకి నీళ్ళందాలంటే పైవాడు తన వంతు అవ్వగానే తూము దించాలి. దించిన ఏడు అందరికీ పంట. దించని ఏడు ఊళ్ళ మధ్య తుప్పు. కాలువ లోతు పెంచినా, లైనింగు చేసినా, ఆ గోరంత జరుగుడు లేకపోతే నీళ్ళు కిందికి రావు.

తాత కొడుక్కి చెప్పిన ఆఖరి మాట ఒకటుంది. గ్రీజు శాశ్వతం కాదు. వాన పడ్డాక, మునేరు దాటాక, దుమ్ము పట్టాక మళ్ళీ విప్పి పూయాల్సిందే. కొడుకు మొదటి ఏడు పూయించాడు. రెండో ఏడు మర్చిపోయాడు. గుర్తు చేసింది తల్లే, మళ్ళీ డ్యాష్‌బోర్డు మీద చేతులు ఆనించి.

మీ ఇంట్లో కూడా పాత జీపుంటే, ఎవరో చెప్పారని కమాన్లు విప్పించకండి. ముందు టైర్లలో గాలెంతుందో చూసుకోండి.